రెబెకమ్మ కనిపెట్టిన సలుపు

వరప్రసాదానికి జబ్బు ఏడాదికి రెండు నెలలే. సెప్టెంబరు నడిమిలో మొదలై, నవంబరు వానలు పట్టుకునేసరికి వెళ్లిపోయేది. మిగతా పది నెలలూ అతను గట్టి మనిషి. నలభై నాలుగేళ్లు వచ్చినా జ్వరమని పడుకున్న రోజు లేదు. ఉదయగిరిలో ఒక చిన్న ట్రస్టు నడిపే అంబులెన్సుకు అతనే డ్రైవరు. సీతారామపురం పైన పల్లెల నుంచి ఆత్మకూరు దాకా, అక్కడి నుంచి నెల్లూరు దాకా ఏ మలుపులో గుంట పడిందో, ఏ ఊరి దగ్గర గేదెలు అడ్డమొస్తాయో అతనికి తెలుసు.

ఆ రెండు నెలల్లో మాత్రం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎడమ కంటి వెనక పోటు లేచేది. తలనొప్పి అన్న మాట దానికి చాలదు. కాల్చిన చువ్వను కనుగుడ్డు వెనక్కి దోపి ఎవరో మెల్లగా తిప్పుతున్నట్టు ఉండేది. ఎడమ కన్ను ఎర్రబడి ధారగా కారేది. అదే వైపు ముక్కు కారేది. కూర్చోలేడు, పడుకోలేడు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ, తలను తలుపు చెక్కకు కొట్టుకుంటూ, పళ్ల సందున ఏదో మూలుగు. ముప్పావుగంట, ఒక్కోసారి గంట. తర్వాత ఉన్నట్టుండి వదిలేసేది. చొక్కా తడిసిపోయి, ఏమీ జరగనట్టు ఎండ చూసుకుంటూ గడప మీద కూర్చునేవాడు.

ఇరవై ఆరో ఏట లారీ మీద ఉండగా ఇది పట్టుకుంది. పంటి నొప్పన్నారు. పైవరసలో రెండు దవడ పళ్లు పీకించుకున్నాడు. తగ్గలేదు. సైనసన్నారు, ముక్కుకు ఆపరేషన్ చేశారు. కళ్లద్దాలు పెట్టారు. ఇంట్లో సొంఠి అరగదీసి పట్టు వేశారు. చర్చిలో మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు. ఎర్రబడ్డ కన్ను చూసి తాగొచ్చాడనుకున్నవాళ్లున్నారు. తల కొట్టుకోవడం చూసి మూర్ఛ అనుకున్నవాళ్లున్నారు. ఆ మాట పాకి రెండు సంబంధాలు వెనక్కిపోయాయి. మూడోసారి అతనే వద్దన్నాడు.

అతనికి ఉన్న మనిషల్లా అక్క రెబెకమ్మ. తల్లి పోయేనాటికి వరప్రసాదానికి ఎనిమిదేళ్లు, ఆమెకు ఇరవై. తమ్ముణ్ణి తనతో పాటే అత్తగారింటికి తీసుకుపోతానని చెప్పి మరీ పెళ్లి చేసుకుంది. భర్త పోయాక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. కొడుకు పాల్‌నీ తమ్ముణ్ణీ ఒకే కంచంలో తినిపించకపోయినా, ఒకే గొంతుతో తిట్టి పెంచింది. పాల్ పెద్దవాడై ఆత్మకూరులో ట్రాక్టరు సామాన్ల దుకాణంలో పనికి చేరాడు. ఉదయగిరి ఇంట్లో అక్కాతమ్ముళ్లిద్దరే మిగిలారు.

పోటుకు ముందు ఇంకొకటి వస్తుందని మొదట పట్టుకున్నది రెబెకమ్మే.

ఒక అక్టోబరులో మధ్యాహ్నం అన్నం తింటున్నాడు. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని అతని మొహం వంక చూస్తూ ఉండిపోయింది.

"ఏంది, అట్టా చూస్తా ఉండావు?" అన్నాడు.

"ఈ పొద్దు బండి తీయబాక."

"ఎందుకు? బాగానే ఉండాను గదా."

"యాడ బాగుండావు? ఇప్పటికి నాలుగు సార్లు ఆవలించినావు. ఎడమ కనుబొమ్మ బొటనవేలితో నొక్కుకుంటా ఉండావు. పప్పులో ఉప్పు సరిగ్గానే ఉండాది, ఎక్కువైందని కసురుకున్నావు. నీకు పోటొచ్చే ముందు ఇట్టానే ఉంటావురా."

అతను నవ్వి చేయి కడుక్కున్నాడు. కానీ ఆ మాట విన్నాక తన లోపల వెతుక్కుంటే నిజంగానే ఉంది. కనుబొమ్మ లోపలి మూల గోరంత చోట సన్నగా సలుపుతోంది. పీకేసిన పళ్ల చోట చిగురు లాగుతోంది. మెడ ఎడమ వైపు పట్టేసినట్టుంది. ఇన్నేళ్లూ అది ఉండే ఉండాలి. పోటుతో పోలిస్తే అది నొప్పి కిందకే రాదు కనుక లెక్కచేయలేదు. ఆ రోజు మూడుకు పోటు వచ్చింది.

అప్పటి నుంచి వాళ్లింట్లో రెండు మాటలు స్థిరపడ్డాయి. పెద్దది పోటు, చిన్నది సలుపు. సెప్టెంబరు వచ్చిందంటే రెబెకమ్మ పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ, "ఉండాదా?" అని అడిగేది. అతను "లేదు" అన్నా కన్ను చూసేది. ఎడమ రెప్ప వెంట్రుకవాసి కిందికి వాలి ఉంటే చాలు. "ఉండాదిలే" అనేసేది.

అయితే సలుపు వచ్చిన ప్రతిసారీ పోటు రాలేదు. పదిసార్లలో మూడుసార్లో నాలుగుసార్లో అది ఊరికే కాసేపు మెదిలి ఆరిపోయేది. ఏది ఆరిపోయేదో ఏది పెరిగేదో ముందు తెలిసేది కాదు. ఆరిపోయిన రోజుల్ని తలుచుకుని వరప్రసాదం ధైర్యం తెచ్చుకునేవాడు. అలా తెచ్చుకున్న ధైర్యమే ఒక రోజు ప్రాణాల మీదికి తెచ్చింది.

నాలుగేళ్ల కిందట. సీతారామపురం పైనున్న ఒక పల్లె నుంచి మాలకొండమ్మ అనే అమ్మాయిని తొలి కాన్పుకు ఆత్మకూరు తీసుకుపోతున్నాడు. వెనక సహాయకుడు రాజమోహన్, మాలకొండమ్మ తల్లి ఉన్నారు. పొద్దుటి నుంచి సలుపుగానే ఉంది. రెబెకమ్మ ఫోను చేసి వద్దని కూడా చెప్పింది. నొప్పులు పడుతున్న పిల్లను పెట్టుకుని తన కనుబొమ్మ సంగతి ఎవరితో చెప్పుకుంటాడు? సిగ్గనిపించింది. వస్తే ఆత్మకూరు చేరాకే వస్తుందిలే అనుకున్నాడు.

దారిలోనే వచ్చింది. ఎడమ కన్ను మూసుకుపోయింది, కుడి కంటికి రోడ్డు రెండుగా కనబడింది. బ్రేకు తొక్కాడు. బండి పక్కకు జారి కల్వర్టు గోడకు జానెడు దూరంలో నిలబడింది. తలుపు తీసుకుని కిందపడి, వేడిగా కాలుతున్న టైరుకేసి తల కొట్టుకున్నాడు. లోపల మాలకొండమ్మ అరుపులు వినబడుతూనే ఉన్నాయి. వెనక నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు తన లారీ అక్కడే వదిలేసి అంబులెన్సు నడుపుకుపోయాడు. ఆత్మకూరు ఆసుపత్రిలో దిగిన పావుగంటకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు.

ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. ఎండదెబ్బ అనుకున్నారు. మర్నాడు అతనే ట్రస్టు చూసే జనార్దనయ్య దగ్గరికి పోయి, ఉన్నదంతా చెప్పి, బండి తాళం బల్ల మీద పెట్టాడు.

జనార్దనయ్య రిటైరైన ఇంజనీరు. తాళం ముట్టుకోలేదు. "ముందు నెల్లూరులో నరాల డాక్టరుకు చూపించుకో. తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆ జబ్బుకు ఒక పేరు వినబడింది నెల్లూరులోనే. ఆ డాక్టరమ్మ అతను చెప్పేది సగంలోనే ఆపి, మిగతా సగం తనే చెప్పింది. ఏ కన్ను, ఏ వేళ, ఏ నెల, కూర్చోలేకపోవడం, తల కొట్టుకోవడం. వింటున్న రెబెకమ్మ ఏడ్చేసింది. దీన్ని క్లస్టర్ తలనొప్పి అంటారని, పళ్లకూ ముక్కుకూ దీనితో సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. సీజన్ మొదలవగానే వేసుకోవాల్సిన మాత్రలు రాసింది. పోటు మొదలవగానే మాస్కు పెట్టుకుని ఆక్సిజన్ జోరుగా పీలిస్తే పావుగంటలో, ఇరవై నిమిషాల్లో దిగుతుందంది. అంబులెన్సు డ్రైవరుకు ఆ మందు ఇన్నేళ్లూ వీపు వెనకే ఉందని విని వరప్రసాదానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెబెకమ్మ సలుపు సంగతి అడిగింది.

"మీరు కనిపెట్టారా?" అని డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మంచి పని చేశారమ్మా. పోటుకూ పోటుకూ మధ్య కొందరికి అలా సన్నటి నొప్పులు ఉంటాయి. కొన్ని వాటంతటవే పోతాయి. కొన్ని పోటు వస్తోందని చెప్పే గుర్తులు. ఏది ఏదో నేనూ చెప్పలేను. అందుకని సలుపు ఉన్నంతసేపూ ఇతను స్టీరింగ్ పట్టుకోకూడదు. పోటు రాదని నమ్మకం ఉన్నా సరే."

"పట్టుకోనియ్యనమ్మా," అంది రెబెకమ్మ. "నాదీ పూచీ."

జనార్దనయ్య దానికి తగ్గట్టే ఏర్పాటు చేశాడు. ఆ రెండు నెలలూ వరప్రసాదం షెడ్డులో ఫోను దగ్గర ఉంటాడు, సలుపు లేని పూట మాత్రమే బండి తీస్తాడు. సలుపు ఉంటే ట్యాక్సీ నడిపే చంద్రశేఖర్‌ను పిలవాలి. షెడ్డులో అతని కోసం వేరే ఒక సిలిండరు. రెండు సీజన్లు అలాగే గడిచాయి. మాత్రలతో పోట్లు సగానికి తగ్గాయి. చంద్రశేఖర్‌ను పదిహేను, ఇరవై సార్లు పిలిచి ఉంటారు. ఒక్కసారీ ఎవరికీ ఇబ్బంది కాలేదు.

పోయినేడు అక్టోబరులో ఒక మంగళవారం. హాస్టల్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నాలు పెట్టి ఇంటికొచ్చిన రెబెకమ్మ వసారాలో కూలబడింది. గుండెల మీద రాయి పెట్టినట్టుంది, దవడ లాగుతోంది, ఒళ్లంతా చెమట. గ్యాసులే అని వాము నమిలింది. పక్కింటి ఆదిశేషమ్మ ఆమె మొహం రంగు చూసి షెడ్డుకు ఫోను చేసింది.

వరప్రసాదం, రాజమోహన్ అయిదు నిమిషాల్లో బండి తెచ్చారు. ఊళ్లో ఆసుపత్రిలో డాక్టరు ఈసీజీ తీసి, మాత్రలు మింగించి, "హార్ట్ ఎటాక్. క్షణం ఆలస్యం చేయకుండా నెల్లూరు తీసుకుపోండి. దారిలో ఏమైనా అయితే ఆత్మకూరులో ఆగండి" అన్నాడు. స్ట్రెచరు బండిలోకి ఎక్కించేసరికి రెండూ ఇరవై.

వరప్రసాదానికి రెండింటి నుంచీ సలుపుగా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. ఇంటి నుంచి ఆసుపత్రి దాకా బండి నడిపింది దానితోనే. డ్రైవరు సీట్లో కూర్చుని తాళం పెట్టాడు. కనుబొమ్మ మూల గోరంత చోట, అంతే. చేయి దానంతటదే పైకి పోయి బొటనవేలితో అక్కడ నొక్కుకుంది. సీటు వెనక చిన్న కిటికీ ఉంది. అద్దంలో అక్క కళ్లు కనబడ్డాయి.

"ప్రసాదూ."

"మాట్లాడబాక అక్కా. పోతా ఉండాం."

"దిగరా."

"ఏం లేదక్కా. సలుపే. పోతాది."

"ఎన్నిటి నుంచి ఉండాది?"

అతను తాళం తిప్పబోయాడు.

"అరగంటలో మూడవతాది," అంది. ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "రోడ్డు మీదుంటావు అప్పటికి. దిగు. శేఖర్‌ని పిలువు."

"నీకెట్టుండాదో తెలస్తా ఉండాదా? వాడొచ్చేసరికి..."

"ఆ బిడ్డ రాజమోహన్‌కి ఇద్దరు పిల్లలుండారు. రోడ్డు మీద ఎంతమంది ఉంటారో. నేను డాక్టరమ్మకి మాటిచ్చినాను. నా కోసమని నువ్వు తోలితే నేను ఈడనే దిగిపోతాను." నిజంగానే దిగబోయినట్టు మోచేయి ఆనించి లేవబోయింది. రాజమోహన్ పట్టుకుని పడుకోబెట్టాడు.

వరప్రసాదం తాళం తీసేశాడు.

ప్రభుత్వ అంబులెన్సు అప్పటికే ఇంకో రోగితో నెల్లూరు దారిలో ఉంది. రాజమోహన్‌కు బండి నడపడం రాదు. ఆసుపత్రిలో ఆ వేళకు తోలేవాళ్లు ఇంకెవరూ దొరకలేదు. చంద్రశేఖర్ ఆ వేళకు గండిపాలెం అవతల తన చేలో ఉన్నాడు. మోటారు సైకిలు మీద ఎగిరొచ్చినట్టే వచ్చాడు, అయినా ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ వరప్రసాదం బండి పక్కన నిలబడి, రెండుసార్లు తాళం దోపబోయి రెండుసార్లూ ఆగాడు. షెడ్డులో ఉన్న సిలిండరు గుర్తుకొచ్చింది. అది పోటు మొదలయ్యాక పనికొచ్చేది గాని, రాబోయేదాన్ని ఆపేది కాదు. అక్క మాత్రం నెమ్మదిగానే ఉంది. వెంట వచ్చిన ఆదిశేషమ్మతో పొయ్యి మీద పాలున్నాయి, చూడమని చెప్పింది.

బండి కదిలేసరికి మూడుకు పావు తక్కువ. చంద్రశేఖర్ సైరన్ వేసి తోలుతున్నాడు. వరప్రసాదం వెనక, అక్క తల దగ్గర కూర్చున్నాడు.

మూడయింది. చేతి గడియారం చూసుకుని పళ్లు బిగించాడు, దెబ్బకు ఒళ్లు సిద్ధం చేసుకున్నవాడిలా. రాలేదు. మూడూ అయిదు. మూడూ పది. కనుబొమ్మ దగ్గర నొప్పి పెరగలేదు. కాసేపటికి చిగురు లాగడం ఆగింది. మెడ సడలింది. మర్రిపాడు దాటేటప్పుడు వేలితో నొక్కి చూసుకున్నాడు. ఏమీ లేదు. నీళ్లు ఆరిపోయిన చోటులా ఉంది. పదింట మూడుసార్లో నాలుగుసార్లో ఆరిపోయే సలుపుల్లో అదొకటి.

పదిహేడేళ్లుగా ఆ నొప్పి రావద్దని ప్రార్థన చేసిన మనిషి, ఆ బండిలో కూర్చుని అది రావాలని ప్రార్థించాడు. ప్రభువా, ఇప్పుడు పంపించు. రోజూ పంపించేది ఈ రోజు కూడా పంపించు. కన్ను పోయినా సరే. లోపల మొత్తుకుంటున్నాడు. పైకి అక్క చేయి పట్టుకుని కూర్చున్నాడు.

రెబెకమ్మ కళ్లు తెరిచింది. ఆక్సిజన్ మాస్కు లోపల పెదాలు కదిలాయి. అతను వంగి చెవి దగ్గర పెట్టాడు.

"వచ్చిందా?"

ఆమె అతని మొహంలో వెతుకుతోంది, కానీ చూపు నిలవడం లేదు. రోజూ వెంట్రుకవాసి తేడా పట్టుకునే ఆ కళ్లకు ఇప్పుడు ఏమీ ఆనడం లేదు.

"వచ్చిందక్కా," అన్నాడు. "గట్టిగా వచ్చింది. నువ్వు చెప్పింది మంచిదయింది."

"నేను... చెప్పలా?" అంది. చేయి అతని చేతిలోంచి విడిపించుకుని పైకి ఎత్తింది. అతని ఎడమ కణత కోసం. మునివేళ్లు తగిలాయి. ఒకసారి నొక్కింది. చేయి జారి స్ట్రెచరు పక్కకు వేలాడింది.

రాజమోహన్ గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. ఆత్మకూరు ఇంకా పన్నెండు కిలోమీటర్లుంది. ఆ పన్నెండు కిలోమీటర్లూ అతను ఆపలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర పాల్ ఉన్నాడు. చేతులకు దుకాణంలోని గ్రీజు అలాగే ఉంది. ముందు సీట్లోంచి చంద్రశేఖర్ దిగడం, వెనకనుంచి మామ దిగడం చూశాడు. మామ తోలలేదని అప్పుడే అర్థమై ఉండాలి. లోపల పది నిమిషాలు చూసి డాక్టరు బయటికొచ్చాడు. అంతా అయిపోయిందన్నాడు. ఇరవై అయిదు నిమిషాలు ముందొస్తే బతికేదా అని పాల్ అడిగాడు.

"చెప్పలేం బాబూ. బతికి ఉండొచ్చు. ఇలాగే జరిగీ ఉండొచ్చు," అన్నాడు డాక్టరు.

పాల్ వచ్చి మామ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. రాజమోహన్ అప్పటికే అతనికి చెప్పాడు, దారిలో పోటు వచ్చిందని, వరప్రసాదమే అక్కతో అనడం తన చెవులారా విన్నానని. గుండె నొక్కుతున్న అతనికి వరప్రసాదం మొహం చూసే తీరిక లేకపోయింది. పాల్ మామ భుజం మీద చేయి వేశాడు.

"నువ్వేం చేస్తావు మామా," అన్నాడు. "నువ్వు తోలుంటే అందరూ పోయేవాళ్లు."



ఆ మాటే అందరి నోటా నడిచింది. సమాధి దగ్గర, చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో, హాస్టలు పిల్లలు ఏడుస్తూ వచ్చి వెళ్లినప్పుడు. పాపం, అదే వేళకు ఇతనికీ పోటొచ్చిందంట. తోలుంటే బండి యాడ బోల్తా పడేదో. దేవుడే ఆయమ్మ చేత దిగమనిపించినాడు. పాస్టరుగారు తన మాటల్లో ఆ సంగతి చెప్పి, ప్రాణం పోతున్నా తమ్ముణ్ణి కాపాడిన అక్క అన్నారు. కూర్చున్నవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. వరప్రసాదం వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాళ్లు చూపించే జాలిలో ప్రతి ముక్కా తను చెప్పిన అబద్ధం మీద నిలబడి ఉంది. చచ్చిపోతున్న మనిషి కోసం చెప్పిన అబద్ధం. బతికున్నవాళ్లంతా దాన్ని పంచుకుని తింటున్నారు.

అతను ఎవరికీ చెప్పకపోయినా గడిచిపోయేది. చెప్పి ఎవరిని బాగుచేస్తాడు? కానీ పాల్ రోజూ వచ్చేవాడు. సాయంత్రం దుకాణం కట్టేసి ఆత్మకూరు నుంచి బస్సెక్కి వచ్చి, మామకు అన్నం వండి, తినేదాకా ఎదురుగా కూర్చునేవాడు. "నీ తప్పు కాదు మామా" అనేవాడు. పన్నెండు రోజులు విన్నాడు. పదమూడో రోజు కంచం పక్కకు జరిపాడు.

"పాల్. ఆ రోజు పోటు రాలేదురా."

పాల్‌కు అర్థం కాలేదు. "ఏ రోజు?"

"మీ అమ్మ పోయిన రోజు. సలుపొచ్చింది. మర్రిపాడు దగ్గర అదే పోయింది. పోటు రాలేదు. మీ అమ్మ అడిగితే వచ్చిందని చెప్పినాను. ఆమె మాట ఊరికే పోయిందని తెలిసి పోకూడదని."

పాల్ అన్నం మీద ఈగ వాలితే తోలాడు.

"అయితే నువ్వు తోలుండొచ్చు."

"తోలుండొచ్చు."

"ఇరవై అయిదు నిమిషాలు."

"అవును."

"అప్పుడు నీకు తెలవదు గదా, రాదని." ఆ మాట పాల్ అడిగినట్టు అన్నాడు, అవునని ఎవరైనా గట్టిగా చెబితే బాగుండునన్నట్టు.

"తెలవదు," అన్నాడు వరప్రసాదం. "ఇప్పటికీ తెలవదు, ఏది వస్తాదో ఏది రాదో. మళ్లా అట్టాంటి రోజొస్తే మళ్లా దిగుతాను. అదే నాకు... అదేరా."

పాల్ లేచి కంచం తీసుకుపోయి కడిగాడు. బోర్లించాడు. చెప్పులేసుకున్నాడు. "ఆఖరి బస్సు పోతాదేమో" అని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. క్రిస్మస్‌కూ రాలేదు. ఫోను చేస్తే, "దుకాణంలో ఉండాను మామా, మళ్లా చేస్తా" అనేవాడు.

నెల్లూరు డాక్టరమ్మకు మాత్రం వరప్రసాదం అంతా చెప్పాడు. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీరు చేసింది సరైన పని. మళ్లీ చేయాల్సింది కూడా అదే," అంది.

"సరేనమ్మా," అన్నాడు. మాత్రల చీటీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. సరైన పని చేసినవాడికి నిద్ర ఎందుకు పట్టదో ఆమెను అడగలేదు. అది ఆమె వైద్యం కాదు.

నవంబరు నుంచి మళ్లీ బండి నడిపాడు. ఆత్మకూరు దారిలో ఎందరినో దించాడు. మర్రిపాడు దాటేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రాజమోహన్‌కూ నిజం చెప్పాడు. రాజమోహన్ ఇంకెవరికీ చెప్పలేదు.

ఈ ఏడు సెప్టెంబరు పదిహేడున సీజన్ మొదలైంది. పొద్దున కాఫీ తనే కాచుకున్నాడు. సలుపు ఉందో లేదో అడిగేవాళ్లు లేరు. అద్దం ముందు నిలబడి ఎడమ రెప్ప చూసుకుంటే తిన్నగానే ఉన్నట్టు కనబడింది, వాలినట్టూ కనబడింది. ఎవరి కన్ను వాళ్లకు సరిగ్గా కనబడదు. ఉన్నట్టే అనుకుని చంద్రశేఖర్‌కు ఫోను చేశాడు. ఇప్పుడు సగం రోజులు అలా అనుమానంతోనే పిలుస్తున్నాడు. చంద్రశేఖర్ విసుక్కోడు, చేను వదిలి ఊళ్లోనే ఉంటున్నాడు ఆ రెండు నెలలూ.

అక్టోబరులో జ్ఞాపకార్థ కూడికకు పాల్ వచ్చాడు. పక్కపక్కనే నిలబడి ప్రార్థన చేశారు. సమాధి మీద పూలు పెట్టాక ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. టీ తాగారు. ఆత్మకూరు బస్సు వచ్చి నిలబడింది. ఎక్కేముందు పాల్ వెనక్కి తిరిగాడు.

"నేను నిన్ను తప్పు పట్టడం లేదు మామా. నా మనసులో అది లేదు."

"తెలుసురా."

"కానీ నీ మొహం చూస్తే ఆ ఇరవై అయిదు నిమిషాలే కనబడతా ఉండాయి. ఎన్ని రోజులుంటాదో నాకే తెలవదు. నువ్వు ఫోను చెయ్యి. ఎత్తుతాను. రమ్మని మాత్రం అడగబాక."

"అడగను," అన్నాడు వరప్రసాదం.

బస్సు కదిలి మలుపు తిరిగింది. అతను టీ గ్లాసులు రెండూ కొట్టువాడికి తిరిగిచ్చాడు. రెండు గంటలకల్లా ఫోను దగ్గర ఉండాలి. ఎండలో షెడ్డు వైపు నడిచాడు.